తోకలో ఒక గ్రాము, ముక్కులో మూడు

బాల్సా, టిష్యూ విమానాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బాల్సా అనే తేలిక కర్రతో చట్రం కట్టి, పైన పలచటి టిష్యూ కాగితం అతికించి, రబ్బరు మెలితో ఎగరేసే చిన్న విమానాల గురించి అడగమని కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 24 అంగుళాల (61 సెం.మీ.) రెక్క ఉన్న కిట్ల గురించే. అమెరికాలోని గిల్లోస్ కంపెనీ అమ్మే పైపర్ సూపర్ కబ్, సెస్నా 170 అలాంటివే. అందుకే కింది లెక్కలన్నీ ఆ సైజుకే చెప్పాం. బాల్సా షీట్లు, రబ్బరు దుకాణాల్లో అంగుళాల కొలతతోనే అడుగుతారు గనక వాటిని అలాగే ఉంచాం.

ప్రశ్న: కిట్‌లోని షీట్ల నుంచి రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు) నొక్కి తీస్తుంటే సగానికి సగం విరిగిపోయాయి. కర్ర నాసిరకమా? – వరంగల్

కర్ర కన్నా అచ్చుదే తప్పు. పాత పద్ధతి కిట్లలో స్టీలు అచ్చుతో షీటును నొక్కి భాగాలు కోస్తారు. అచ్చు మొద్దుబారితే కర్ర తెగదు, నలుగుతుంది. పైనుంచి గీత స్పష్టంగానే కనిపిస్తుంది, అడుగున మాత్రం పీచు తెగకుండా ఉండిపోతుంది. మీరు వేలితో నొక్కగానే పీచు పట్టుకున్న చోట కాక, రిబ్బు సన్నగా ఉండే తోక దగ్గర పుటుక్కుమంటుంది.

షీటును బోర్లా తిప్పండి. 320 నంబరు శాండ్ పేపరును చదునైన చెక్కముక్కకు చుట్టి, అచ్చు గీతలు వెనకవైపు కనబడే దాకా తేలిగ్గా రుద్దండి. ఆ తర్వాత కూడా నొక్కొద్దు. 11 నంబరు సర్జికల్ బ్లేడు మొనతో గీత వెంట ఒకసారి పోనిస్తే భాగం తనంతట తానే ఊడి వస్తుంది. ఈ బ్లేళ్లు సర్జికల్ సామాను అమ్మే మందుల షాపుల్లో దొరుకుతాయి, హాబీ కత్తులకంటే చవక, పదును కూడా ఎక్కువ. ఒక రెక్క రిబ్బులన్నీ కొయ్యడానికి రెండు బ్లేళ్లు ఖర్చయినా బాధపడొద్దు.

విరిగినవాటిని పారెయ్యకండి. అతికించి, వాటినే నమూనాలుగా పెట్టుకుని కొత్త షీటు మీద కోసుకోండి. లేజర్‌తో కోసిన కిట్లలో ఈ తలనొప్పి ఉండదు. కాకపోతే కాలిన నల్లటి అంచుకు జిగురు సరిగా పట్టదు, అతికించే చోట ఒక్కసారి శాండ్ పేపరు తగిలించాలి.

కొత్త షీటు కొనేటప్పుడు చిన్న డిజిటల్ కాటా వెంట తీసుకెళ్లండి. 1/16 అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవున్న షీటు 11 గ్రాములు తూగితే చాలా తేలిక రకం, తోకకు, రిబ్బులకు అది చాలు. 14 గ్రాములది మామూలు పనికి. 21 గ్రాములు తూగిందంటే అది రెక్క పొడవునా పోయే స్పార్లకు, విమానం ఒంటి పొడవునా పోయే లాంగరాన్లకు తప్ప ఇంకెక్కడా వద్దు. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి! రిబ్బులకు కోసే షీటు మీద మచ్చలు మచ్చలుగా, చేప పొలుసుల్లాంటి మెరుపు ఉండాలి. అలాంటిది అడ్డంగా వంచితే వంగదు, వంచబోతే చీలుతుంది. రిబ్బుకు కావలసింది ఆ బిర్రే. గుండ్రటి వంపు మీద చుట్టాల్సిన షీటుకు మాత్రం ఆ రకం పనికిరాదు, పొడుగు చారలతో అడ్డంగా సులువుగా వంగేది తీసుకోండి.

ప్రశ్న: సూపర్ కబ్ చాలా అందంగా వచ్చింది. కానీ ముక్కులో 12 గ్రాముల సీసం పెడితే తప్ప ప్లాన్‌లో చూపిన చోట నిలబడటం లేదు. సీసంతోనే ఎగరెయ్యాలా? – గుంటూరు

ఎగరెయ్యొచ్చు, కానీ ఎక్కువసేపు గాల్లో ఉండదు. సీసం రోగం కాదు, రోగ లక్షణం. రోగం తోకలో ఉంది.

ఈ విమానం పొడవు దాదాపు 39 సెం.మీ. బరువు నిలవాల్సిన బిందువు రెక్క వెడల్పులో ముందునుంచి మూడో వంతు దగ్గర, అంటే ముక్కుకు సుమారు 9 సెం.మీ. వెనక. తోక పలకలు ఆ బిందువుకు 27 సెం.మీ. వెనకున్నాయి. 27ని 9తో భాగిస్తే 3. తోకలో ఒక్క గ్రాము ఎక్కువైతే దాన్ని తూచడానికి ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. మీ 12 గ్రాముల సీసానికి కారణం తోక దగ్గర 4 గ్రాముల అదనపు కర్ర, జిగురు, రంగు. మొత్తం మీద 16 గ్రాములు దండగ.

దీనికి కొలబద్ద ఒకటి చెబుతాం. రెక్క వైశాల్యం దాదాపు 5.3 చదరపు డెసిమీటర్లు. చదరపు డెసిమీటరుకు 8 గ్రాములు దాటకపోతే ఇలాంటి విమానం హాయిగా ఎగురుతుంది. అంటే రబ్బరు కాకుండా 42 గ్రాములు. దాన్ని ఇలా పంచుకోండి: ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) 15, రెక్క 10, ముక్కు దిమ్మ ప్రొపెల్లర్‌తో కలిపి 8, చక్రాలు తీగతో సహా 5, తోక రెండు పలకలూ కలిపి 3 లోపు. ఒక గ్రాము చేతిలో మిగులుతుంది. ఒక్కో భాగం పూర్తికాగానే తూచి ప్లాన్ అంచున రాసుకుంటే ఏది గీత దాటిందో టిష్యూ వెయ్యకముందే తెలుస్తుంది.

ఇప్పటికే కట్టేశారు గనక చెయ్యగలిగింది: తోక పలకలు రెండూ విప్పి, 11 గ్రాముల రకం షీటు నుంచి కోసిన పుల్లలతో మళ్లీ కట్టండి. ఒక పూట పని. రబ్బరు తగిలించే వెనక పుల్లను రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరపండి, రబ్బరు బరువు కూడా ముందుకొస్తుంది. ఇంకా బరువు కావాలంటే సీసం బదులు ముక్కు దిమ్మను గట్టి కర్రతో చెయ్యండి. ఎలాగూ మోయాల్సిన బరువైతే దెబ్బలైనా కాచుకోవాలి.

ప్రశ్న: ఫెవికాల్ మంచిదా, ఫెవిక్విక్ మంచిదా? – తెనాలి

చట్రానికి ఫెవికాల్ లాంటి తెల్ల వడ్రంగి జిగురే. నాలుగు పాళ్లకు ఒక పాలు నీళ్లు కలిపి, పళ్లపుల్ల కొసతో పెట్టండి. పుల్లల కొసలు జిగురును పీల్చేస్తాయి. అందుకే ముందు ఒక పూత రుద్ది ఆరనిచ్చి, రెండోసారి పెట్టి అతికించండి. ఒక్కసారే దండిగా పెట్టినదానికంటే ఈ అతుకు గట్టిది, తేలిక కూడా. బయటికి పొంగినది వెంటనే తుడవండి. ఆరితే రబ్బరులా సాగుతుంది, శాండ్ పేపరుకు లొంగదు.

ఫెవిక్విక్ తొందరలో ఉన్నవాళ్లకు. అది గాజులా గట్టిపడుతుంది. పక్కనున్న బాల్సా మెత్తన. రుద్దేటప్పుడు కర్ర అరుగుతుంది, జిగురు ముద్ద గుట్టలా మిగులుతుంది, టిష్యూ కింద అది స్పష్టంగా కనిపిస్తుంది. విరిగినచోట మైదానంలో అతకడానికి జేబులో పెట్టుకోండి, అంతే.

చక్రాల తీగకు మాత్రం ఈ రెండూ చాలవు. తీగను ఫార్మర్‌కు (ఫ్యూజలాజ్‌కు ఆకారమిచ్చే అడ్డ పలకకు) కుట్టుదారంతో కట్టి, పైన ఎపాక్సీ పుయ్యండి.

ప్రశ్న: ఫ్యూజలాజ్ రెండు పక్కలూ ప్లాన్ మీదే కట్టాను. కలిపాక మాత్రం పక్కకు వంగిపోయింది. – నిజామాబాద్

రెండు పక్కల లాంగరాన్లు ఒకే బిర్రులో లేవు. తోక దగ్గర రెండింటినీ దగ్గరికి లాగినప్పుడు మెత్తనిది ఎక్కువ వంగుతుంది, గట్టిది తక్కువ వంగుతుంది. ఫలితం మీరు చూశారు. నాలుగు లాంగరాన్లూ ఒకే షీటులో పక్కపక్కన కోసిన పుల్లలే కావాలి. ఒక్కో పుల్ల కొసను బల్ల అంచున పట్టి అదే చిన్న బరువు వేలాడదీసి చూస్తే జతలు తెలిసిపోతాయి.

రెండో పక్కను మొదటిదాని పైనే, మధ్యలో పాలిథీన్ పరిచి కట్టండి. అడ్డపుల్లలన్నీ జతలుగా ఒకేసారి కొయ్యండి. కలిపేటప్పుడు రెక్క కింద వచ్చే రెండు చోట్ల ముందు అతికించి, మూలమట్టం పెట్టి ఆరనివ్వండి. ఆ పెట్టె నిక్కచ్చిగా ఉంటేనే తోక జోలికి వెళ్లండి. సన్న పుల్లల్లో గుండుసూది గుచ్చొద్దు, రెండు పక్కలా నిలబెట్టి బిగించాలి. దీనికి నోటీసు బోర్డుల సాఫ్ట్‌బోర్డు ముక్క బాగా పనికొస్తుంది.

మీది నడిమి కీలు (వెన్నెముకలా పొడవునా ఉండే పుల్ల) మీద సగం సగం ఫార్మర్లు అతికించే రకం కిట్ అయితే, స్ట్రింగర్లు (ఫార్మర్ల మీదుగా పొడవునా పోయే సన్న పుల్లలు) కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి మార్చి మార్చి పెట్టండి. ఒకవైపు అన్నీ పెట్టేశాక రెండోవైపు తిరిగితే కీలు అప్పటికే వంగిపోయి ఉంటుంది.

ప్రశ్న: సంక్రాంతికి కొన్న గాలిపటాల కాగితం చాలా ఉంది. టిష్యూ బదులు అది వెయ్యకూడదా? కాగితం వేసే పద్ధతి కూడా వివరంగా చెప్పండి. – హైదరాబాద్, పాతబస్తీ

వెయ్యకూడదని కాదు, ముందు పరీక్షించండి. కాగితాన్ని మీటరు పొడవు, మీటరు వెడల్పుకు లెక్కగట్టి తూచండి. జపాన్ ఎసాకి టిష్యూ చదరపు మీటరుకు 12 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. మీ కాగితం 25 తూగిందనుకుందాం. ఈ విమానానికి పట్టే కాగితం 0.22 చదరపు మీటర్లు. ఎసాకితో 2.6 గ్రాములు, మీదానితో 5.5. మూడు గ్రాములేగా అంటారు. అందులో తోక వాటా ఎంతో లెక్కేసి, దాన్ని మూడుతో గుణించి చూడండి.

రెండో పరీక్ష బిగుసుకోవడం. 1/8 అంగుళం పుల్లలతో 10 సెం.మీ. చదరం కట్టి, కాగితం అతికించి, నీళ్లు చిలకరించి ఆరనివ్వండి. వేలితో మీటితే డప్పులా మోగాలి. చాలా గాలిపటాల కాగితాలు మోగవు, పైగా తడికి రంగు కారుతుంది. గిఫ్టులు చుట్టే టిష్యూదీ ఇదే కథ. రెండు పరీక్షలూ నెగ్గితే నిరభ్యంతరంగా వాడండి.

ఇక పద్ధతి. టిష్యూ పని సగం చట్రం దగ్గరే అయిపోతుంది. ముందు చట్రమంతా 320, తర్వాత 400 నంబరు పేపరుతో రుద్దండి. కళ్లు మూసుకుని వేళ్లతో తడమండి, కంటికి కనపడని గుట్ట వేలికి దొరుకుతుంది. ఆ తర్వాత కాగితం తగిలే అంచులన్నిటికీ సగానికి సగం థిన్నర్ కలిపిన డోప్ (టిష్యూను బిగించే, లాకర్ లాంటి పూత) ఒకసారి వెయ్యండి. ఆరాక బాల్సా పీచు లేచి గరుకు అవుతుంది. 400తో నునుపు చేసి రెండో పూత.

కాగితానికి వాలు ఉంటుంది. ఒక మూల నుంచి చింపి చూడండి. ఏ దిక్కున తిన్నగా చిరిగితే అదే వాలు. అది రెక్క పొడవునా, ఫ్యూజలాజ్ పొడవునా ఉండాలి. అడ్డంగా వేశారంటే రిబ్బుల మధ్య కాగితం లోపలికి కుంగి, రెక్క ఆకలితో ఉన్న గొడ్డు పక్కటెముకల్లా తేలుతుంది. మెరిసే వైపు బయటికి రావాలి.

రెక్క అడుగు భాగం ముందు. ఒక సెంటీమీటరు అదనంగా కోసుకోండి. గ్లూ స్టిక్ పలచగా చట్రం అంచులకు రాసి, కాగితాన్ని మొదట ఫ్యూజలాజ్ వైపు రిబ్బుకు, తర్వాత కొస రిబ్బుకు తగిలించండి. ఆపైన ముందంచు, వెనకంచు నడిమి నుంచి రెండు కొసలకు ముడత సాగదీస్తూ పోండి. ఇప్పుడు ముడతలు మిగిలినా ఫర్వాలేదు, చిన్నవి నీళ్లకు పోతాయి. ఏటవాలు ముడతలు మాత్రం పోవు, వాటిని ఇప్పుడే లాగాలి. అడుగు చదునుగా ఉన్న రెక్కకు అంచుల్లో అతికిస్తే చాలు. అడుగు లోపలికి గుంటగా ఉండే రెక్కకైతే ప్రతి రిబ్బుకూ అతకాలి, లేకపోతే బిగుసుకున్నప్పుడు గుంట మాయమైపోతుంది.

రెక్క పైకి విరిచిన చోట, అంటే డైహెడ్రల్ దగ్గర, ఒకే ముక్క అటూ ఇటూ పరచొద్దు. రెక్క కొస గుండ్రటి భాగానికి వేరే ముక్క, అదీ కొద్దిగా తడిపి. ముక్కు దగ్గర రెండు దిక్కులా వంపు ఉంటే ఒక్కో స్ట్రింగర్ మధ్య ఒక్కో సన్న పట్టీ. విసుగు పనే, కానీ ఇంకో దారి లేదు. అదనపు కాగితాన్ని బ్లేడుతో కొయ్యబోతే చిరుగుతుంది. జిగురు ఆరాక అంచు మీద 400 పేపరును కిందికి ఒక్క వైపే రుద్దండి, గీత గీసినట్టు ఊడి పడిపోతుంది.

ప్రశ్న: నీళ్లు చల్లాక కాగితం బాగా బిగిసింది, తోక మాత్రం అప్పడంలా మెలితిరిగింది. – కాకినాడ

తోక పలక సన్నటి పుల్లలతో కట్టినది, కాగితం లాగే బలానికి ఆగలేదు. నీళ్లు వాడాల్సింది రెక్కకు, ఫ్యూజలాజ్‌కు. తోకకు ముందే బిగించిన కాగితం వెయ్యాలి. పాత ఫొటో ఫ్రేముకు టిష్యూ అంటించి, తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాత కోసి తోకకు అతికించండి. ఇక దాని మీద నీళ్లు వద్దు. పలచటి డోప్ ఒక్క పూత చాలు.

రెక్కనైనా నీళ్లు చల్లి గాలికి వదిలెయ్యొద్దు. సన్నటి తుంపర వచ్చే సీసాతో చిలకరించి, అడుగున నాలుగు చోట్ల 3 మి.మీ. పుల్లముక్కలు పెట్టి, గాలి ఆడేలా బోర్డుకు బిగించండి. మీ సముద్ర తీరపు గాలిలో పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. తొందరపడి తీస్తే మిగతా ఆరడం గాల్లో జరుగుతుంది, మెలి అక్కడే పుడుతుంది.

ఇప్పుడున్న మెలికి ఆవిరి మందు. మరిగే నీళ్ల ఆవిరి మీద తోకను 20 సెకన్లు పట్టి, మెలికి ఎదురు దిక్కున కొంచెం ఎక్కువగా తిప్పి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ఒకసారితో తీరకపోతే మళ్లీ. కుక్కర్ వెయిట్ దగ్గర మాత్రం వద్దు, ఆ ఆవిరి వేగానికి టిష్యూ చిల్లిపడుతుంది. రెక్కను వెనకనుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు కొసల్లోనూ వెనకంచు 2 మి.మీ. పైకి లేచి ఉంటే సరిచెయ్యొద్దు, అది మేలే చేస్తుంది. ఒకవైపు లేచి ఒకవైపు దిగితే మాత్రం విమానం గిరగిరా తిరిగి నేలను తాకుతుంది.

ప్రశ్న: డోప్ ఆరగానే తెల్లగా పాలు పోసినట్టయింది. థిన్నర్ కల్తీదా? – విశాఖపట్నం

థిన్నర్ కాదు, గాలి. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లటి పూత మీద చేరి, లోపల కరిగివున్న పదార్థాన్ని తెల్లటి పొడిగా విడగొడుతుంది. తేమ 70 శాతం దాటిన రోజున డోప్ సీసా మూత తియ్యొద్దు. ఇప్పటికే తెల్లబడినదాన్ని పొడిగా ఉన్న మధ్యాహ్నం ఉత్త థిన్నర్‌తో ఒకసారి తడిపితే చాలావరకు పోతుంది. ఆగలేనివాళ్లు పెయింట్ షాపులో రిటార్డర్ అడిగి కొద్దిగా కలుపుకోవచ్చు, పూత నెమ్మదిగా ఆరుతుంది.

డోప్ దొరక్కపోతే ఫర్నిచర్‌కు వాడే ఎన్‌సీ క్లియర్ లాకర్, ఎన్‌సీ థిన్నర్ సగం సగం కలిపి వాడండి. రెండింటికీ మూలం నైట్రోసెల్యులోజే. లాకర్ తక్కువ బిగుస్తుంది గనక సన్న చట్రాలకు అదే నయం. మెలమైన్, పీయూ పూతలు అమ్మజూపుతారు, అవి వద్దు, బరువు. అసలు డోప్ వాడేవాళ్లు 100 మి.లీ. కలిపిన డోప్‌కు 1 మి.లీ. ఆముదం చుక్కలుగా వేస్తే పూత ఏళ్ల తరబడి బిగుస్తూ పోకుండా ఉంటుంది. ఎక్కువైతే జిడ్డు పైకి తేలుతుంది, దాని మీద అక్షరాలు అంటవు.

రెక్కకు, ఫ్యూజలాజ్‌కు రెండు పూతలు, తోకకు ఒకటి. కిటికీలు తెరిచి ఉంచండి. పొయ్యి, దీపం, అగరుబత్తి ఉన్న గదిలో పనికిరాదు, నైట్రేట్ డోప్ ఆవిరి కూడా అంటుకుంటుంది.

ప్రశ్న: మన దేశపు విమానంలా రంగులు వెయ్యాలని ఉంది. స్ప్రే డబ్బా వాడొచ్చా? – కర్నూలు

స్ప్రే డబ్బా తెలియకుండా ఐదారు గ్రాములు మోపుతుంది. రంగు టిష్యూతోనే రంగు తెప్పించండి. మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ మొదట ఉండే వీటీ- అక్షరాలను నల్ల టిష్యూతో కోసి, చోటులో పెట్టి, పైనుంచి థిన్నర్ కుంచె ఒక్కసారి తాకిస్తే కింది డోప్ కరిగి పట్టేసుకుంటుంది. కిటికీ ప్లాస్టిక్‌కు ఫెవిక్విక్ వాడొద్దు, దాని ఆవిరికి పలక మంచు పట్టినట్టవుతుంది, తుడిస్తే పోదు. తెల్ల జిగురు చాలు.

అసలు కిట్ వదిలి సొంతంగా కట్టే ఓపిక ఉంటే హెచ్‌ఏఎల్ పుష్పక్ ఎంచుకోండి. 1958లో తొలిసారి ఎగిరింది, దేశమంతటా ఫ్లయింగ్ క్లబ్బుల్లో శిక్షణకు వాడారు. రెక్క పైన, గుడ్డ కప్పిన అసలు విమానం గనక టిష్యూ దానికి అచ్చుగుద్దినట్టు నప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకుంటోంది. ఇంట్లో కట్టిన విమానానికి రబ్బరు ఎప్పుడూ ముడి దగ్గరే తెగుతోంది. ఎన్ని చుట్లు తిప్పాలి? – రాజమహేంద్రవరం

కిట్‌లో వచ్చే రబ్బరు తరచూ పెట్టెలోనే ఎండిపోయి ఉంటుంది. పోటీలకు అమ్మే రబ్బరు కొనండి. రబ్బరు మెలితో విమానం ఎగరెయ్యడం 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో చూపించినప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పటికీ గ్రాముకు ఇంత శక్తి ఇచ్చే చవక మోటారు ఇంకోటి లేదు. కాబట్టి దానికి కొంచెం మర్యాద చెయ్యండి.

ముడి పొడిగా బిగిస్తే రబ్బరు తన్ను తానే కోసుకుంటుంది. ఉమ్మితో తడిపి, చతురస్ర ముడి వేసి, కొసలు 5 మి.మీ. వదలండి. ముడి వెనక పుల్ల దగ్గరికి రావాలి. ముందు కొక్కేనికి కరెంటు వైరు మీది ప్లాస్టిక్ తొడుగు ఎక్కించండి. ముడి వేశాకే సబ్బు నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, ఆముదం పలచగా రుద్దండి. కుట్టుమిషను నూనె, వ్యాజిలిన్ మాత్రం రబ్బరును తినేస్తాయి.

ఈ విమానానికి 1/8 అంగుళం రబ్బరు రెండు చుట్టలు, అంటే నాలుగు పోగులు, కొక్కేనికీ పుల్లకూ మధ్య దూరానికి ఒకటిన్నర రెట్ల పొడవు. బరువు 5 గ్రాముల దాకా వస్తుంది. కొత్త రబ్బరును నాలుగు రెట్లు సాగదీసి రెండు నిమిషాలు పట్టి వదిలితే పదునెక్కుతుంది.

చుట్ల సంఖ్యకు ఎవరి పట్టికా నమ్మొద్దు. అదే రబ్బరుతో అదే కొలత రెండోది చేసి, విమానం బయట తెగేదాకా తిప్పి లెక్కపెట్టండి. అందులో ముప్పాతిక వంతు మీ హద్దు. తిప్పేటప్పుడు నాలుగు రెట్లు సాగదీసి, సగం చుట్లు అక్కడే నిలబడి తిప్పి, మిగతా సగం మెల్లగా ముందుకు నడుస్తూ తిప్పాలి. ఫ్యూజలాజ్ లోపల గట్టి కాగితపు గొట్టం పెట్టుకుని తిప్పండి. తెగినా టిష్యూ బతుకుతుంది.

ప్రశ్న: చేత్తో విసిరితే చక్కగా జారుతూ దిగుతోంది. రబ్బరు తిప్పి వదిలితే నిట్టనిలువుగా లేచి కూలుతోంది. ముక్కులో బంకమట్టి పెంచితే జారడం చెడుతోంది. – అనంతపురం

బంకమట్టి తీసెయ్యండి. జారడాన్ని బరువుతో, తోకతో సరిచెయ్యాలి. ప్రొపెల్లర్ తిరిగేటప్పటి తప్పును ప్రొపెల్లర్ చూసే దిక్కుతోనే సరిచెయ్యాలి. ఈ రెండూ కలగలిపితే ఎప్పటికీ తెమలదు.

మీది జారడం బాగుంది, అంటే సగం పని అయింది. ముక్కు దిమ్మకూ మొదటి ఫార్మర్‌కూ మధ్య, పైవైపు 0.8 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టండి. దిమ్మ ఎత్తు 25 మి.మీ. అయితే ఇరుసు సుమారు 2 డిగ్రీలు కిందికి చూస్తుంది. ఎక్కే వాలు తగ్గుతుంది. చాలకపోతే ఇంకో ముక్క. ప్రొపెల్లర్ వెనకనుంచి చూస్తే గడియారం దిక్కున తిరుగుతుంది గనక విమానం ఎడమకు ఒరుగుతుంది. ఆ మలుపు బిగుసుకుంటూ పోతే ఎడమవైపు అంచున ఇంకో సన్నముక్క పెట్టి ఇరుసును కుడికి తిప్పండి. ఒకసారి ఒక్కటే మార్చాలి, ప్రతిసారీ అదే లెక్క చుట్లు, మొదట 100 చాలు. ముక్కలు కుదిరాక దిమ్మకు అతికించెయ్యండి, లేకపోతే గడ్డిలో పోతాయి.

తెల్లవారుజామున ఆకు కదలని వేళ చూసుకోండి. అనంతపురంలో పొద్దెక్కితే గాలి మీ మాట వినదు.

ప్రశ్న: బాల్సా బదులు బూరుగు కర్ర, బెండు వాడొచ్చా? – ఖమ్మం

బూరుగు బాల్సాకు బంధువే, కానీ బరువు రెండింతలకు పైనే. చక్రాలకు, ముక్కు దిమ్మకు సరే. బెండు బాల్సాకంటే తేలిక, అయితే పొడుగు పుల్లగా నిలబడదు, లోపల నింపుడుకే. వెదురు మాత్రం తప్పక వాడండి. గాలిపటం బద్దను మిల్లీమీటరు మందానికి చీల్చి దీపం మీద వేడిచేస్తే రెక్క కొసల వంపులకు చక్కగా వంగుతుంది.

ప్రశ్న: అమెరికా నుంచి మా తమ్ముడు వస్తున్నాడు. ఏమేం తెప్పించుకోవాలి? – విజయవాడ

ఎసాకి లాంటి జపాన్ టిష్యూ, పోటీ రబ్బరు, తేలిక రకం 1/16, 1/32 షీట్లు. డోప్, థిన్నర్ వద్దు. మండే ద్రవాలను విమానంలో చేతిసంచిలోనూ, పెద్ద సామానులోనూ రానివ్వరు. రబ్బరును అందగానే గాలి చొరని డబ్బాలో, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. విజయవాడ ఎండలో కారులో ఒక్క మధ్యాహ్నం మరిచిపోతే చాలు, అది ఇక మోటారు కాదు.

ప్రశ్న: పొదలో దిగి రెక్క కాగితం చిరిగింది. మొత్తం పీకి మళ్లీ వెయ్యాలా? – శ్రీకాకుళం

అక్కర్లేదు. చీలిక మాత్రమే అయితే అంచులు దగ్గరికి చేర్చి, 5 మి.మీ. వెడల్పు టిష్యూ పట్టీని అదే వాలులో పెట్టి, పైనుంచి పలచటి డోప్ తాకించండి. చిల్లి పెద్దదైతే రెండు రిబ్బుల మధ్య గది మొత్తం కోసేసి, రిబ్బుల మీద అతికేలా కొత్త ముక్క వెయ్యండి. ఆ ముక్కను ముందే బిగించిన కాగితం నుంచి తీసుకోండి. అక్కడ నీళ్లు చల్లితే పక్క గదులు వదులవుతాయి. చివరగా రెక్కను మళ్లీ కాటా మీద పెట్టండి. మరమ్మతులు పోగై ఒక రెక్క రెండోదానికంటే అర గ్రాము బరువెక్కితే, తేలిక వైపు కొసలో రెక్క సమంగా నిలిచేంత బంకమట్టి అంటించి సరిచేసుకోండి.